ఎడమ తలుపు కింద సొట్ట

మా పికప్ బండిని నేను ఇంకొకరికి కడగడానికి ఇవ్వను. కడిగేటప్పుడే దానికి ఏమైందో తెలుస్తుంది. ఆ రోజు పొద్దున నీళ్ళ పైపు పట్టుకుని ఎడమవైపు కడుగుతుంటే, వెనక తలుపు కింద చెయ్యి గుంతలో పడినట్టయింది. వంగి చూశాను. తలుపుల కింద పొడవునా ఉండే రేకు జానెడు మేర లోపలికి నొక్కుకుపోయి ఉంది.

మాది ఆదోనిలో పత్తి వ్యాపారం. మా ఆయన మార్కెట్ యార్డు, మిల్లులు చూసుకుంటారు. పల్లెలకు పోయి, పత్తి ఇంకా చేలో ఉండగానే చూసి, రైతుతో మాట్లాడి వచ్చేది నేను. ఆ దారుల్లో కారు పనికిరాదు. వాన పడితే నల్లరేగడి చక్రాలకు చుట్టుకుంటుంది, ఎండితే రాళ్ళు తేలతాయి. అందుకే నాలుగు చక్రాలూ లాగే పికప్ కొన్నాం. దాన్ని నేను నడుపుతాను, మా మరిది నడుపుతాడు. మా ఆయనకు స్టీరింగ్ అంటేనే గిట్టదు. ఇంట్లో ఇంకొక మనిషి మా అత్త. మామ పోయి కొన్నేళ్ళయింది.

మరిదిని పిలిచి సొట్ట చూపించాను. "ఇదేందప్పా?"

అతను వంగి కూడా చూడలేదు. "రాయి తగిలింది వదినా. మొన్న ఆస్పరి పక్క పోయినా కదా, కైరుప్పల దాటినాక దావ శానా అధ్వానంగా ఉండాది" అన్నాడు. ఊపిరి తీసుకోకుండా మళ్ళీ, "సైడ్ రెయిల్స్ పెట్టిచ్చుదాం వదినా. అవి ఉండింటే ఇది అయ్యేదే కాదు. ఈ పొద్దే పోదాం" అన్నాడు.

రెయిల్స్ కావాలని నేనూ అనుకుంటున్నదే. బండి పక్కన, తలుపుల కింద బలమైన ఇనుప కడ్డీ ఒకటి ఉంటే, రాయి తగిలినా దెబ్బ దానికి పడుతుంది గాని బండి ఒంటికి పడదు. కానీ బండి కొన్నప్పటి నుంచి నేను అడుగుతుంటే "తర్వాత సూద్దాంలే" అన్నవాడు, ఈ పొద్దే పోదాం అనడం నాకు నచ్చలేదు. పత్తి మూట పైన తెల్లగా, పొడిగా కనిపిస్తే నేను మోచేతి దాకా చెయ్యి లోపలికి పెడతాను. పైన ఎంత బాగుంటే అంత లోతుకు పెడతాను. లోపల నీళ్ళు చల్లిన పత్తి ఎన్నిసార్లు తగిలిందో చెప్పలేను. అలవాటు పత్తి దగ్గరే ఆగమంటే ఎట్లా ఆగుతుంది?

సరేనని ఆదోనిలోనే బండి సామాన్లమ్మే కొట్టుకు పోయాం. అద్దంలా మెరిసే గుండ్రటి గొట్టాలు గోడకు వేలాడుతున్నాయి. కొట్టాయన ఒకటి దించి చేతికిచ్చాడు. తేలిగ్గా ఉంది. వేలితో కొడితే బిందెలా మోగింది.

"ఇది యాడ బిగిస్తారు?" అని అడిగాను.

"ఈడే మేడం, బాడీకి. రంధ్రాలు ఉండనే ఉండాయి."

ఫోన్‌లో నేను చూసిన వీడియోల్లో ప్రతివాడూ ఒకటే చెప్పాడు: బాడీ రేకుకు బిగిస్తే, రాయి తగిలినప్పుడు కడ్డీ ఆ రేకును కూడా పట్టుకుని వంగుతుంది. కింద బరువంతా మోసే ఇనుప చట్రం, ఛాసిస్‌కు బిగించాలి. "ఈ గొట్టం కింద జాకీ పెడితే బండి లేస్తాదా?" అన్నాను.

కొట్టాయన నవ్వాడు. "దీని కింద జాకీ ఎవరు పెడతారు మేడం? ఇది సూసేకి."

"సూసేకి నాకు వద్దు" అని నేను లేస్తుంటే, మరిది ఇంకొకటి పట్టుకుని నిలబడ్డాడు. అది వెడల్పు పలక, కాలు పెట్టి ఎక్కడానికి. "మెట్టు ఉండేది తీసుకుందాం వదినా. ఎక్కేకి బాగుంటాది."

అతను ఆరడుగుల మనిషి. ఆ బండిలోకి కాలు చాపి కూర్చుంటాడు. నాకూ ఇన్నాళ్ళూ మెట్టు అక్కర్లేకపోయింది. "ఎవురు ఎక్కేకి?" అన్నాను. అతను పలకను కౌంటర్ మీద పెట్టేసి, ఫోన్ మోగకుండానే ఫోన్ తీసుకుని బయటికి పోయాడు.

మర్నాడు మరిదికి చెప్పకుండా ఒక్కదాన్నే ఎమ్మిగనూరుకు పోయాను. అక్కడ మంత్రాలయం పోయే రోడ్డులో ఒక వెల్డింగ్ షెడ్డు ఉందని, ట్రాక్టర్ ట్రాలీలు గట్టిగా కడతాడని రైతులు చెప్పేవాళ్ళు. షెడ్డు యజమాని తెల్లగడ్డం పెద్దాయన, అందరూ భాయ్ అంటారు. నేను చెప్పిందంతా విన్నాడు. ఛాసిస్‌కు బిగించాలంటే తల ఊపాడు. తర్వాత సొట్ట దగ్గర గొంతుక్కూర్చుని, గుడ్డను కిరసనాయిల్లో ముంచి రేకు మడత లోపల తుడిచాడు. గుడ్డ వెలుతురులోకి పట్టుకుని నాకు చూపించాడు. పసుపు రంగు. కింద కొంచెం నలుపు.

"రాయి అన్నారు కదమ్మా?"

"రాయే."

"రాయి గుద్దితే గీతలు పడతాయి. ఇది రంగేసిందానికి తగిలింది." గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "ఆటోకు తగిలిచ్చినారా?"

మా వైపు ఆటోలన్నీ పసుపూ నలుపే. "నాకు తెలీదు భాయ్. మా మరిది రాయి అని చెప్పినాడు."

"మీకు తెలీదంటారు. బండి శుభ్రంగా కడిగి తెచ్చినారు. సొట్ట మీదికి అడ్డంగా రెయిల్ కట్టమంటాండారు. ఆటోలో జనం ఉంటారు తల్లీ. దెబ్బలు తగిలిన బండి నేనొకటి తెలీక ముట్టి, పోలీస్ స్టేషన్ సుట్టూ సెప్పులరిగేలా తిరిగినా. ఏం జరిగిందో తెలుసుకోని రాండి. అంతదాకా నేను కొలత కూడా తీయను."

ఊరూరా మూటల్లో చెయ్యి పెట్టి మనుషుల్ని అనుమానించే నన్ను, మొదటిసారి ఎదుటి మనిషి అట్లా చూశాడు. కోపం వచ్చింది. కానీ ఆ కోపం భాయ్ మీద నిలవలేదు. సొట్ట కప్పడానికే మరిది రెయిల్స్ కావాలన్నాడని, కొట్టులో తలుపుల కింద మొత్తం మూసుకుపోయే వెడల్పు పలక పట్టుకున్నదీ అందుకేనని దారిలో నాకు తోచింది.

ఊరి బయట బండి ఆపి లోపలంతా వెతికాను. అంతకుముందు ఒకటి రెండుసార్లు మరిది తెచ్చి పెట్టాక నేనెక్కితే, డ్రైవర్ సీటు బాగా ముందుకు జరిగి ఉండేది. సామాను పెట్టడానికి జరిపి ఉంటాడులే అనుకున్నాను. ఇప్పుడు సీటు వెనక చెయ్యి పెడితే నాలుగు మడతలు వేసిన దుప్పటి దొరికింది. సీటు జరిగే పట్టా సందులో తలకు పెట్టుకునే నల్ల పిన్ను ఒకటి. పొట్టి మనిషి, ఆడమనిషి, సీటు మీద దుప్పటి వేసుకుని కూర్చుంది. ఇంకేముంది, వీడు ఎవరో అమ్మాయికి బండి ఇచ్చాడు, ఆ అమ్మాయి ఆటోను గుద్దింది అని కథ మొత్తం నా తలలో తయారైపోయింది.

ఆదోని బస్టాండ్ దగ్గర ఆటోల వాళ్ళను అడిగాను, ఈ మధ్య ఏ ఆటోకైనా దెబ్బ తగిలిందా అని.

"మీకెందుకు మేడం?" అన్నాడు ఒకాయన.

"ఊరికే."

"ఊరికే ఎవురన్నా అడుగుతారా? మీ బండేది? యాడ నిలిపినారు?" అని ఇద్దరు ముగ్గురు దగ్గరికి వచ్చారు. బండి రెండు వీధుల అవతల నిలిపినందుకు సంతోషిస్తూ, ఏదో సర్దిచెప్పి అక్కడి నుంచి బయటపడ్డాను.

అన్నాల దగ్గర మా ఆయనతో చెప్పాను. మరిది ఇంట్లో లేడు. మా ఆయన పెరుగు కలుపుకుంటూ, "వాడు ఆటోను గుద్దింటే ఈపాటికి పది మంది మన వాకిట్లో ఉందురు. నువ్వు పత్తిలో నీళ్ళు ఎతికినట్టు మనుషుల్లో ఎతుకుతావు" అన్నారు. మా అత్త వడ్డిస్తూ నిలబడి ఉంది. "ఎమ్మిగనూరాయన ఏమన్నాడు?" అని అడిగింది. "రాయి కాదన్నాడత్తా, ఏదో రంగు అంటుకుంది అన్నాడు" అన్నాను. ఆమె నెయ్యి గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయి, ఎంతకూ తిరిగి రాలేదు. అప్పుడు నాకు మరిది తప్ప ఇంకెవరూ కనిపించడం లేదు కాబట్టి దాన్ని నేను పట్టించుకోలేదు.

మరిదిని నేరుగా అడిగితే మళ్ళీ రాయే అంటాడు. అందుకని ఏమీ ఎరగనట్టు ఉండిపోయాను. తెల్లారుజామున బండి స్టార్టయిన చప్పుడు విని, మా అత్త ఇంట్లో కనబడకపోతే గుడికి పోయి ఉంటుందనుకుని, స్కూటీ తీసుకుని వెంట పడ్డాను. బండి ఊరు దాటి సిరుగుప్ప రోడ్డు పట్టింది. నేను దూరంగానే ఉన్నాను. కొంత దూరం పోయాక అది మా మామ కాలం నాటి జిన్నింగ్ మిల్లు వైపు తిరిగింది. ఆ మిల్లు మూతపడి చాలా కాలమైంది. మనుషులెవరూ పోరు. రహస్యంగా కలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు అనుకుని స్కూటీని గోడ పక్కన నిలిపి, గేటు సందులోంచి చూశాను.

పత్తి ఆరబోసే పెద్ద గచ్చు మీద మా పికప్ దూకుతూ, ఆగుతూ, మళ్ళీ దూకుతూ పోతోంది. స్టీరింగ్ వెనక తల ఒక్కటే కనిపిస్తోంది. పక్క సీట్లో మరిది రెండు చేతులూ గాలిలో తిప్పుతూ అరుస్తున్నాడు. "క్లచ్! క్లచ్ తొక్కు! అమ్మా, క్లచ్ అంటే ఎడమ కాలు!"

అమ్మా.

బండి ఒక గుండ్రం తిరిగి గేటు వైపు మళ్ళింది. కొంగు నడుముకు బిగించి, కళ్ళజోడు మీంచి ముందుకు చూస్తూ, స్టీరింగ్‌ను రెండు చేతులా రోలు పట్టుకున్నట్టు పట్టుకుని మా అత్త. అరవై దాటిన మనిషి. నన్ను చూసింది. బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. గచ్చు చివర, లారీలు తూచే పాత వేబ్రిడ్జి ఉంది. దాని అంచు దిమ్మెకు పసుపూ నలుపూ పట్టీలు వేసి ఉన్నాయి. ఒక చోట పెచ్చు లేచిపోయి ఉంది.

నేను లోపలికి నడిచాను. మరిది దిగి నా మొహం చూడకుండా టైరు చూస్తున్నాడు. అత్త దిగలేదు. దిగాలంటే ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి, అంత ఎత్తు.

"నాకు సెప్పింటే ఏమయ్యేదత్తా?" అన్నాను.

"సెప్పింటే నువ్వేమందువో నాకు తెలుసు. కళ్ళు సూపిచ్చుకో అందువు, మోకాళ్ళు సూపిచ్చుకో అందువు. సిన్న కారులో నేర్చుకో అందువు. ఇంట్లో తాళాలన్నీ యాడ పెట్టినావో గుర్తు పెట్టుకుంటావు, నన్ను నమ్మి బండి తాళం ఇస్తావా?"

ఆమె స్టీరింగ్ మీద చేతులు తీయకుండానే చెప్పుకుపోయింది. కృష్ణగిరి పక్క పల్లెలో ఆమె అక్క ఉంది. తుంటి ఎముక విరిగి మంచంలో పడి, ఇప్పుడిప్పుడే కర్ర పట్టుకుని నడుస్తోంది. "అక్కను సూసేకి పోవాలంటే మీ ఆయనను అడగాల. ఆయన రేపు అంటాడు. వీణ్ణి అడుగుతా, వీడు ఎల్లుండి అంటాడు. నువ్వు పత్తి సీజన్ అయిపోనీ అంటావు. మీ మామ ఉన్నప్పుడూ ఇంతే. బతుకంతా పక్క సీట్లో కూర్చోనే ఉండా నేను. ఇంక అడిగేకి నాకు నోరు రాలేదు."

"ఆ దుప్పటి?"

"కూర్చుంటే దావ కనబడొద్దా? ఇంటి ముందర నిలిపేది కూడా నేనే కదా."

మరిది అప్పుడు గొంతు సవరించుకున్నాడు. "ఎవురికీ సెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్యాది వదినా. దిమ్మె గుద్దిన రోజు రాయి అని సెప్పమన్యాది కూడా అమ్మే."

నేను కదిలిపోయానని రాయవచ్చు. నిజానికి ఆ నిమిషంలో నాకు ఒళ్ళు మండింది. నా ఇంట్లో, నా కళ్ళ ముందు, వడ్డించే చేతులతోనే నన్ను ఇంత తెలివిగా మోసం చేశారు. నేను ఆటోల వాళ్ళ మధ్య దొంగలా నిలబడి వచ్చాను. ఆ మాటే అన్నాను. అత్త విని, "ఆటోలోళ్ళను అడిగినావా?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. కాసేపటికి నాకూ నవ్వు ఆగలేదు.

ఆ వారమే ముగ్గురం ఎమ్మిగనూరు పోయాం. నేను జరిగిందంతా చెప్పాను. భాయ్ మా అత్తను పైనుంచి కిందికి చూశాడు.

"ఈయమ్మ నడిపినాదా? ఈ బండిని?"

"అవును."

"తల్లీ, మీరు ఇంకొంచెం నమ్మే కథ సెప్పండి" అన్నాడు.

అత్తకు పౌరుషం వచ్చింది. "బాబూ, పైకెక్కించు" అని కొడుకు భుజం పట్టుకుని డ్రైవర్ సీట్లోకి ఎక్కింది. షెడ్డు ముందున్న ఖాళీ జాగాలో బండిని కదిలించి, తిప్పి, వెనక్కి కూడా తెచ్చింది. తెచ్చేటప్పుడు భాయ్ గాలి కంప్రెసర్‌కు బెత్తెడు దూరంలో ఆపింది. భాయ్ రెండు చేతులూ పైకెత్తి, "చాలమ్మా, చాలు, నమ్మినా" అన్నాడు. వెంటనే టేపు తీశాడు.

ఇక రెయిల్స్ ఎట్లా ఉండాలన్న దాని మీద పేచీ మొదలైంది. అత్తకు మెట్టు కావాలి, అదీ కిందికి ఉండాలి. నాకు బలం కావాలి. భాయ్‌కి కిందికి వేలాడేది ఏదీ ఇష్టం లేదు. "కిందికి దించితే రాయి దాన్నే పట్టుకుంటాది. అప్పుడు మీ బండి ముందుకు పోదు, ఎనక్కి రాదు" అన్నాడు. బండి ఒంటికి దగ్గరగా, కొంచెం పైకి వాలి ఉండేలా చతురస్రపు గొట్టం వేస్తానన్నాడు. అట్లా ఉంటే కాలు ఎక్కడ పెట్టాలని అత్త. చివరికి మరిదే ఒక మాట అన్నాడు: గొట్టానికీ ఒంటికీ మధ్య ఉండే సందులో, జారకుండా గీతలున్న ఇనుపరేకు పరిస్తే, రెయిలే మెట్టవుతుంది కదా అని. పైన పట్టుకోవడానికి తలుపు పక్కన పిడి ఒకటి పెడితే అంత కిందికి దించే పని లేదు. భాయ్ సుద్దముక్కతో నేల మీద గీసి చూసుకుని సరే అన్నాడు.

"బండి ఈడ పెట్టి పోండి, రేపు తీసుకుపోవచ్చు" అన్నాడు. నేను పోనన్నాను. కుర్చీ తెప్పించుకుని షెడ్డు గుమ్మంలో కూర్చున్నాను. ఒకసారి అనుమానం తప్పయిందని చెయ్యి మూటలో పెట్టడం మానేస్తామా? గొట్టం కోసినప్పుడు కోసిన చివర చూపించమన్నాను, ఎంత మందం ఉందో. నేను చూడకుండా రంగు వేయొద్దన్నాను, అతుకులు కనబడవని. ఛాసిస్‌కు వేసిన పట్టీల బోల్టులు ఒక్కొక్కటీ స్పానర్ పెట్టి నేనే తిప్పి చూశాను. భాయ్ ఒకచోట బోల్టుకు రబ్బరు వాషర్ వేస్తుంటే ఎందుకన్నాను. మోత రాకుండా అన్నాడు. నమ్మకం కుదరక మరిదిని అడిగాను. అతనూ అదే అన్నాడు. అయినా ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారేమో అనిపించింది.

రంగు వేయకముందు, "రెయిల్ కింద జాకీ పెట్టండి" అన్నాను.

భాయ్ నా వైపు కాక మా అత్త వైపు చూశాడు. "ఈయమ్మతో ఇంట్లో ఎట్ల ఏగుతాండారు తల్లీ?"

"సెప్పకుండా ఏగుతాండాను" అంది అత్త.

జాకీ పెట్టాడు. తిప్పుతుంటే రెయిల్ మీద బరువు పడి చిన్న కిర్రుమన్న చప్పుడు వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ముందు చక్రం నేలను వదిలింది, తర్వాత వెనకది. బండి ఒక పక్కంతా ఆ ఇనుప గొట్టం మీద నిలిచి ఉంది. నేను కింద పడుకుని, మొబైల్ లైటు వేసి, పట్టీలన్నీ చూసి వచ్చాను. ఎక్కడా వంపు లేదు. సొట్టను బాగు చేయించమని మా ఆయన అన్నారు గాని, అత్త వద్దంది. అది రెయిల్ వెనక కనిపించకుండా ఉండిపోయింది. చివరికి భాయ్ అనుమానించిన పనే మేం చేశాం.

అత్త లెర్నింగ్ లైసెన్స్ తీసుకుంది. డాక్టర్ కళ్ళు బాగున్నాయని రాసిచ్చాడు. నేను ఆ డాక్టర్ను కూడా రెండోసారి అడిగాను. టెస్టులో ఒకసారి తప్పింది, రెండోసారి పాసయింది. ఆ సంగతి విన్న మర్నాటి నుంచి మా ఆయన పొద్దున్నే లేచి, బండి అద్దాలు తుడిచి పెట్టడం మొదలుపెట్టారు. ఎందుకని నేను అడగలేదు.

వానలు తగ్గాక అత్త అక్క ఊరికి బయల్దేరింది. పక్క సీట్లో నేను. కోడుమూరు దాటాక పల్లె దారిలో ఒకచోట వంక పొంగిన నీళ్ళకు సగం దారి కోసుకుపోయింది. ఎడమవైపు బండరాయి బయటికి పొడుచుకుని ఉంది. నేను అత్తను దిగమన్నాను. నేను నడుపుతానన్నాను. అత్త వినలేదు. మొదటి గేరు వేసి మెల్లగా పోనిచ్చింది. వెనక చక్రం మట్టిలో జారింది. బండి మొత్తం ఎడమకు ఒరిగి, రెయిల్ రాయి మీద కూర్చుంది. పళ్ళు జివ్వుమనేలా ఇనుము రాయి మీద రుద్దుకున్న చప్పుడు. నేను కళ్ళు మూసుకున్నాను. అత్త యాక్సిలరేటర్ వదల్లేదు. రెయిల్ రాయి మీంచి జారుతూ, బండిని ముందుకు తోసినట్టు అవతలికి దించేసింది.

"దిగి సూస్తా" అన్నాను.

"సూడొద్దు" అంది. "బండి పోతాండాది కదా."

పల్లెలో ఆమె అక్క అరుగు మీద కూర్చుని ఉంది. చెల్లెలు డ్రైవర్ తలుపు తీసుకుని, పిడి పట్టుకుని, రెయిల్ మీద కాలు పెట్టి దిగుతుంటే చూసి, ముందు నా వైపు వేలు చూపించి, "నువ్వే కదా నడిపింది? నన్ను ఎందుకు ఎర్రిదాన్ని సేస్తారు?" అంది. ఎంత చెప్పినా నమ్మలేదు. కర్ర ఊతంతో బండి చుట్టూ తిరిగి, తలుపులోంచి లోపలికి తొంగి చూసి, పెడళ్ళు లెక్కబెట్టింది. "అయితే నన్ను ఎక్కించు, సూస్తా" అంది. అక్కాచెల్లెళ్ళు ముందు కూర్చున్నారు. నన్ను వెనక సీటుకు పంపారు.

ఇద్దరూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నారు. అక్క కిసుక్కున నవ్వింది. బండి కదిలింది. ఊరి చుట్టూ ఒక్క చుట్టు తిప్పి దింపుతుందని అనుకున్నాను. పెద్ద రోడ్డు దగ్గరికి రాగానే అత్త సిగ్నల్ లైటు వేసి, మేం వచ్చిన దిక్కు కాక రెండో దిక్కుకు తిప్పింది.

"యాడికి పోతాండామత్తా?" అన్నాను.

అద్దంలో ఆమె కళ్ళు ఒకసారి నన్ను చూశాయి. మూడో గేరు పడింది.